వేలు ఆమెది, ఓటీపీ ఎవరిది?

“జాగ్రత్త” అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. చీకటి పడ్డాక బయట తిరగొద్దు, పమిట సర్దుకో, ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడకు – ఇన్నాళ్ళూ ఇవే జాగ్రత్తలు. ఇప్పుడు ఆధార్ నంబరు జాగ్రత్త, వేలిముద్ర జాగ్రత్త అంటున్నారు. పోయిందా, తప్పు నీదే!

2018లో పెద్దపల్లి జిల్లాలో ఏం జరిగింది? సిమ్ కార్డులమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దింపుకున్నాడు. రబ్బరు స్టాంపుల యంత్రంతో నకళ్ళు చేసి, వేల సిమ్‌లను ఎవరెవరి పేర్ల మీదో యాక్టివేట్ చేశాడు. ఆ దస్తావేజుల మీద వేలు పెట్టినవాళ్ళు ఎక్కడ అజాగ్రత్తగా ఉన్నారు? ప్రభుత్వం పెట్టమంటే పెట్టారు. దాచాల్సిన ప్రభుత్వమే వాటిని బజార్న పెట్టింది.

అంట్లు తోమి, నాట్లు వేసి అరిగిపోయిన వేళ్ళని రేషన్ షాపు యంత్రం గుర్తుపట్టనంటుంది. ఆ రబ్బరు వేళ్ళను మాత్రం సిమ్ దుకాణంలో యంత్రం చక్కగా గుర్తుపట్టింది. ఊళ్ళో ఆధార్‌తో డబ్బు తీసే యంత్రానికైతే ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ను అక్కర్లేదు. పిన్ను పోతే మార్చుకోవచ్చు, వేలిని ఎలా మార్చుకుంటాం?

మరి రక్షణ లేదా? ఉంది. ఆధార్ బయోమెట్రిక్స్‌కి తాళం వేసుకోవచ్చు, రేషన్‌కి వెళ్ళినప్పుడు కాసేపు తీసుకోవచ్చు. అడిగిన ప్రతివాడికీ జిరాక్సు ఇచ్చే బదులు, చివరి నాలుగంకెలే కనిపించే ఆధార్ ఇవ్వొచ్చు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. ఇవన్నీ మనం తెలుసుకోవాల్సినవే.

కానీ ఫోనులో ఆ తాళం వేసుకోవాలన్నా ఓటీపీ కావాలి. అది ఎవరి ఫోనుకి వస్తుంది? ఎంతోమంది ఆడవాళ్ళ ఆధార్‌కి ఉన్న నంబరు భర్తదో, కొడుకుదో. పాస్‌బుక్కు బీరువాలో, బీరువా తాళం ఆయన జేబులో. పొదుపు సంఘం అప్పు ఆమె పేరున, డబ్బు ఆయన చేతిలో, వాయిదాలు మళ్ళీ ఆమె నెత్తిన. బయటివాడు చేస్తే దీన్ని దొంగతనం అంటాం. ఇంట్లోవాడు చేస్తే సంసారం అంటాం. జాగ్రత్తలు చెప్పే పెద్దలెవరూ ఈ రెండోదాని జోలికి రారు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కు మన ఇళ్ళ గడప దగ్గర ఆగిపోతే ఎలా? స్త్రీ అస్తిత్వం గురించి పేజీలకు పేజీలు రాశాం, థీసిస్‌లు సమర్పించాం. ఇప్పుడు ఓ చిన్న పని కూడా చేద్దాం. మనకి తెలిసిన ప్రతి స్త్రీ ఆధార్‌కీ, బ్యాంకు ఖాతాకీ ఆమె సొంత నంబరు ఉందా అని అడుగుదాం. లేకపోతే తోడు వెళ్ళి ఆధార్ కేంద్రంలో మార్పిద్దాం. దాంతోపాటు, మన ముద్రలు తీసుకుని బజార్న పడేసిన శాఖల్ని జవాబు చెప్పమని నిలదీద్దాం. వాళ్ళు జవాబు చెప్పాక, అప్పుడు వింటాం జాగ్రత్తలు.