తెరపై సాక్ష్యము

చలనచిత్రము కాలక్షేపమునకే కాని తత్త్వవిచారమునకు పనికిరాదని పఠనమందిరములలో వాదించు పెద్దలు నేటికిని గలరు. తెరపై కత్తియుద్ధములు తప్ప మరేమున్నవని వారి ప్రశ్న. అకిర కురొసావా దర్శకత్వమున 1950లో వెలువడి, మరుసటి యేట వెనిస్ చిత్రోత్సవమున అగ్రబహుమానమందిన జపాను చిత్రము ‘రషోమన్’ను వారొకమారు చూతురు గాక యని మా కోరిక. అందును కత్తియుద్ధములు గలవు. ఒకటి వీరులది, ఒకటి పిరికివారిది. రెండింటను పోరువారు మాత్రము వారే!

అడవిలో ఒక యోధుడు మరణించెను. ఇది నిశ్చయము. ఎట్లు మరణించెననుటయే చిక్కు. వీరోచితముగ పోరాడి తానే చంపితినని బందిపోటు చెప్పును. భార్య మాటలనుబట్టి ఆమె చేతిబాకే కారణమని తోచును. మృతుడు సోదెకత్తె నోట ఆత్మహత్య చేసికొంటినని పలుకును. నేరము తమది కాదని బొంకు సాక్షులను మన న్యాయస్థానములు నిత్యము చూచుచున్నవి. వీరో, నేరము తమకే కావలెనని పోరుచున్నారు! ప్రాణముకంటె మానము ప్రియమైనచోట బొంకు ఈ రూపమును దాల్చును.

ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణమని మన నైయాయికులనిరి. ఆప్తుడెవడు? ఇదియే యీ చిత్రమందలి ప్రశ్న. గ్రంథమున చదువునపుడు ఇది ఫలానావాని మాట యను మెలకువ మనకుండును. తెరపై నట్లు కాదు. బందిపోటు కథయు, భార్య కథయు ఒకే స్పష్టతతో మన కన్నుల యెదుట జరిగిపోవును. శబ్దము ప్రత్యక్షపు వేషము వేసికొని వచ్చును. న్యాయాధిపతి యెన్నడును కనబడడు. సాక్షులు మనవైపే తిరిగి చెప్పుకొందురు. చదువరిని ఇట్లు తీర్పరి పీఠమున కూర్చుండబెట్టుట ఏ తర్కగ్రంథమునకు సాధ్యము?

సత్యమే లేదని ఈ చిత్రము బోధించునని కొందరందురు. మేమంగీకరింపజాలము. అంతయు చూచితినని చెప్పు కట్టెలుకొట్టువాడును ఒకటి దాచెను: విలువగల ఆ బాకు మాయమైనది అతని చేతనే. జరిగినదేదియో యుండబట్టియే కదా దాపరికము!

ఈ దెబ్బ పత్రికలవారమగు మాకును తగులును. మాకు గిట్టని పంక్తులను కత్తిరించి, జరిగినదింతే యని అచ్చువేసిన దినములు మాకు లేకపోలేదు.

కడపట వాన వెలసినపిమ్మట, శిథిలద్వారము కడ ఎవరో విడిచిపోయిన పసిబిడ్డను ఆ కట్టెలుకొట్టువాడు పెంచెదననును. అతని కింట ఆరుగురు బిడ్డలు. మొదట శంకించిన భిక్షువు, దొంగయని తెలిసియు, బిడ్డను అతని చేతికిచ్చెను. ఏ ప్రమాణమునుబట్టి యిచ్చెనో మేమింకను ఆలోచించుచునే యున్నాము.