ఫిజిక్స్ భయమా? ఓసారి రేవుకెళ్లి చూడండి!

'మావాడికి లెక్కలు బానే వస్తాయండీ. కెమిస్ట్రీ కూడా ఫర్వాలేదు. ఆ ఫిజిక్సే కొంప ముంచుతోంది!'

రాజమండ్రి, అమలాపురం, భీమవరం... ఇంటర్ చదివే పిల్లలున్న ఏ ఇంటికెళ్లినా వినిపించే మాట ఇది. సూత్రాలన్నీ కంఠతా వచ్చు. మోడల్ టెస్టులో మార్కులు మాత్రం రావు. ఎందుకని?

జవాబు గోదావరి రేవులో దొరుకుతుంది. అవతలి ఒడ్డుకు వెళ్లే పడవను గమనించండి. సరిగ్గా ఎదురుగా ఉన్న రేవుకే చేరాలంటే, నడిపేవారు పడవ ముక్కును కాస్త ఎగువకు తిప్పి పట్టుకుంటారు. ప్రవాహం దిగువకు తోసేస్తుందని వారికి తెలుసు. ఇంటర్ పుస్తకంలోని 'సాపేక్ష వేగం' పాఠం ఇదే.

లెక్కగా చూద్దాం. నది వెడల్పు 2 కిలోమీటర్లు. నిలకడ నీటిలో పడవ వేగం గంటకు 5 కిలోమీటర్లు, ప్రవాహ వేగం 3 అనుకోండి. 'అతి తక్కువ కాలంలో' దాటాలంటే ముక్కును నేరుగా అవతలి ఒడ్డు వైపే పెట్టాలి. 2ను 5తో భాగిస్తే 24 నిమిషాలు. కాకపోతే పడవ 1.2 కిలోమీటర్లు దిగువన ఒడ్డు చేరుతుంది. 'అతి తక్కువ దూరంలో' దాటాలంటే ముక్కు ఎగువకు తిప్పాలి. 5 వర్గంలోంచి 3 వర్గం తీసేస్తే 16, దాని వర్గమూలం 4. అంటే అడ్డంగా మిగిలే వేగం 4. పట్టే సమయం 30 నిమిషాలు.

ఇలాంటి ప్రశ్నకిచ్చే ఆప్షన్లలో 24, 30 రెండూ ఉండొచ్చు. సూత్రం బాగా వచ్చిన పిల్లలు కూడా ఆ ఒక్క మాట తొందరలో చదివితే మార్కు పోయినట్టే. ఫిజిక్స్‌లో ముందు బొమ్మ గీయాలి, తర్వాతే సూత్రం.

నిమిషాల లెక్క

ఎంసెట్ పేరు 2021లో ఈఏపీసెట్‌గా మారింది. ఇంజినీరింగ్ విభాగంలో ప్రశ్నలు 160, సమయం 180 నిమిషాలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కెమిస్ట్రీ అరగంటలో ముగించగలిగితే ఫిజిక్స్‌కి 50 నిమిషాలు, మ్యాథ్స్‌కి 100 మిగులుతాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ వదలొద్దు.

డాక్టరు చదువు దారి వేరు. 2017 నుంచి మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీట్లకు నీటే ఆధారం. అక్కడ ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. తెలియనిది వదిలేయడమే మేలు. రెండు పరీక్షలూ రాసేవాళ్లు ఈ తేడా మరవకూడదు.

ఆప్షన్లు అక్షరాల్లో ఉంటే ప్రమాణాలు సరిచూడండి. వేగం అడిగినప్పుడు మీటర్లు బై సెకన్లు రాని జవాబును చూడగానే కొట్టేయొచ్చు. ఒక్కోసారి నాలుగింటిలో రెండు అలాగే పోతాయి.

తప్పుల పుస్తకం

ప్రతి టెస్టు తర్వాతా తప్పిన ప్రశ్నలను ఓ నోటు పుస్తకంలోకి ఎక్కించండి. పక్కనే కారణం రాయండి: సూత్రం మరిచారా, ప్రశ్న సరిగా చదవలేదా, కూడిక తప్పారా? నెల తిరిగేసరికి అసలు జబ్బు బయటపడుతుంది. సూత్రాలు మరిచేవారికి పునశ్చరణ కావాలి. లెక్క తప్పేవారికి రోజూ చేతిరాత సాధన కావాలి. ప్రశ్న తప్పు చదివేవారికి ఈ రెండూ పనిచేయవు, కీలకమైన మాటను రఫ్ కాగితం మీద రాసుకునే అలవాటే మందు. జబ్బేదో తెలియకుండా ఇంకో గైడు, ఇంకో ట్యూషన్ అంటూ డబ్బు పోస్తే మిగిలేది పిల్లల అలసటే.

అమ్మానాన్నలకూ ఓ మాట. టెస్టు రాసి ఇంటికొచ్చిన పిల్లల్ని 'ఎన్నొచ్చాయి?' అని గుమ్మంలోనే నిలదీయకండి. అన్నం తిననిచ్చి, 'ఎక్కడ తప్పింది నాన్నా?' అని అడగండి. మొదటి ప్రశ్నకు భయపడి అబద్ధం చెబుతారేమో. రెండో దానికి పుస్తకం తెచ్చి చూపిస్తారు.