చదువు మానేస్తేనే సైనికుడా?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో ఇంటర్ పరీక్షలు ముగియగానే వినిపించే మాట ఒకటుంది: "మిలిటరీకి పోయేవాడికి డిగ్రీ ఎందుకురా? ముందు ర్యాలీకి పో, చదువు తర్వాత చూసుకోవచ్చు." దానికి తోకగా ఇంకో మాట: కాలేజీలో ఎన్‌సీసీ అంటే పరేడు, టిఫిను, సర్టిఫికెట్టు, అసలైన దేశసేవ యూనిఫాం వేసుకుని జీతం తీసుకునేవాడిదే. పెద్దలు ప్రేమతోనే చెబుతారు. కానీ ఈ రెండు మాటలూ నేటి పిల్లలకు హాని చేస్తున్నాయి.

మొదటి మాట ఒకప్పుడు నిజం. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం లాంటి ఊళ్లు తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని ఇచ్చాయి. అప్పట్లో సిపాయిగా చేరినవాడు పదిహేనేళ్లకు పైగా పనిచేసి, నడివయసు రాకముందే పింఛనుతో ఇంటికొచ్చేవాడు. మాజీ సైనికుడి కోటాలో మరో ఉద్యోగం దొరికేది. డిగ్రీ లేని లోటును ఆ పింఛను పూడ్చేది.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటనతో ఆ లెక్క తలకిందులైంది. ఆ పథకం కింద సైన్యంలో చేరే అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత కొనసాగేది ఎక్కువలో ఎక్కువ 25 శాతం మంది. మిగతావారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. చేతికొచ్చే సేవానిధి సుమారు 11.71 లక్షలు. ఊళ్లో దీన్ని ప్రభుత్వం ఇచ్చే బహుమతిలా చెప్పుకుంటారు. నిజానికి వడ్డీ తీసేస్తే అందులో సగం ఆ కుర్రాడి జీతంలోంచి నెలనెలా 30 శాతం కోసి దాచిందే. మొదటి ఏడాది జీతం 30 వేలైతే చేతికందేది 21 వేలు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు బయటికొచ్చిన ఆ యువకుడు గ్రూప్-2 రాయాలన్నా, ఎస్సై పరీక్షకు కూర్చోవాలన్నా డిగ్రీ కావాలి. కేంద్ర సాయుధ బలగాల్లో రిజర్వేషన్ ఉంది కదా అంటారు. అది పోటీలో వాటాయే తప్ప ఉద్యోగానికి హామీ కాదు.

"సర్వీసులో ఉంటూనే చదివే ఇగ్నో డిగ్రీ ఉందిగా" అన్నది ఇంకో వాదన. ఉంది. శిక్షణకు సగం క్రెడిట్లు కూడా ఇస్తుంది, గుర్తింపు ఉన్న డిగ్రీయే. కానీ సరిహద్దు పోస్టులో ఉన్న కుర్రాడి సమయం అతని చేతిలో ఉండదు. లైబ్రరీ, అధ్యాపకుడు, తోటి విద్యార్థులు ఉన్న మూడేళ్ల చదువుకు అది సాటి రాదు.

ఇక ఎన్‌సీసీని చిన్నచూపు చూసేవారికి ఒక ప్రశ్న. డిగ్రీలో 50 శాతం మార్కులు, సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్ ఉంటే యూపీఎస్సీ రాతపరీక్ష లేకుండానే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ద్వారా నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు వెళ్లే దారి ఉందని మీ ఊళ్లో ఎంతమంది పిల్లలకు చెప్పారు? నెగ్గితే చెన్నై ఓటీఏలో శిక్షణ, ఆపై లెఫ్టినెంట్ హోదా, 56,100 మూల వేతనం. పోటీ గట్టిదే, సీ సర్టిఫికెట్ ఉన్న ప్రతివాడూ నెగ్గడు. కానీ నెగ్గనివాడి చేతిలో డిగ్రీ మిగులుతుంది. ర్యాలీ కోసం చదువు వదిలేసి, అక్కడా ఎంపిక కాని కుర్రాడికి ఏం మిగులుతుంది?

వయసు దాటిపోతుందన్న భయం ఒక్కటే గట్టి అభ్యంతరం. అగ్నివీర్ ద్వారం పదిహేడున్నర ఏళ్లకు తెరుచుకుని కొద్ది ఏళ్లలోనే మూసుకుంటుంది. అయితే డిగ్రీలో చేరినంత మాత్రాన అది మూసుకోదు. కాలేజీలో ఉంటూనే పరీక్ష రాయవచ్చు, ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే బోనస్ మార్కులూ వస్తాయి.

ఎన్‌సీసీ క్యాడెట్‌కు యుద్ధానికి వెళ్లే బాధ్యత లేదు కాబట్టి దాన్ని సైనిక సేవ అని నేనూ అనను. అది సేవకు సిద్ధపడటం. కానీ పార్ట్‌టైమ్ అంటేనే తక్కువ అన్న భావనను మన సైన్యమే ఒప్పుకోదు. పౌర జీవితంలో ఉంటూ పిలుపు వచ్చినప్పుడు సేవ చేసే టెరిటోరియల్ ఆర్మీ 1949 నుంచీ ఉంది. దాని యూనిట్లు 1962, 1965, 1971 యుద్ధాల్లో పాల్గొన్నాయి. అలాగని పూర్తికాలాన్నీ నేను కాదనను. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు స్కూలు చదువు కాగానే ఎన్‌డీఏలో చేరారు. అక్కడి మూడేళ్లూ జేఎన్‌యూ డిగ్రీతో ముగుస్తాయి. చదువును వదిలిన దారి కాదది, చదువును కలుపుకున్న దారి.

ఇంటి అప్పులు, పొలం కష్టాలు తరుముతుంటే అగ్నివీర్‌గా చేరిన కుర్రాడిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా ఖండన అతని మీద కాదు, అదొక్కటే దారని నమ్మించేవారి మీద. ఎన్‌సీసీని క్రెడిట్లున్న ఐచ్ఛిక కోర్సుగా పెట్టమని యూజీసీ 2021లోనే విశ్వవిద్యాలయాలకు చెప్పింది. డిగ్రీ కాలేజీలు ఆ మాటను అమలు చేయాలి, అధ్యాపకులు స్పెషల్ ఎంట్రీ గురించి తరగతిలో చెప్పాలి. తల్లిదండ్రులారా, మీ పిల్లవాడిని సైన్యానికి పంపండి, గర్వంగా పంపండి. కానీ చదువు మాన్పించి మాత్రం పంపకండి.