సంపాదకుని మాట: క్యాజువాలిటీ గడియారం

రక్తప్రసరణ ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. క్యాజువాలిటీలో పనంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. ఒకరు ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతుంటారు. రెండు నిమిషాలకే చేతుల్లో బలం తగ్గుతుంది, వెంటనే ఇంకొకరు అందుకోవాలి. ఒకరు శ్వాస అందిస్తారు, ఒకరు సూదికి నరం వెతుకుతారు, మరొకరు గడియారం చూస్తూ గట్టిగా టైము చెబుతుంటారు. తెరమీద గీత పూర్తిగా చదునైపోతే షాక్ పనిచేయదు (సినిమాలు ఎన్నిసార్లు ఇచ్చి చూపించినా సరే). గుండె లయ తప్పి గిలగిల్లాడుతున్నప్పుడే దాని అవసరం.

ఛాతీ నొక్కే ఈ పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్ బృందం 1960లో ప్రకటించింది. హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అత్యవసర వైద్యానికి మన దేశంలో ప్రత్యేక శాఖగా గుర్తింపు వచ్చింది మాత్రం 2009లో. అంబులెన్సు ముందొచ్చింది, అది చేర్చే గదిలో ఉండాల్సిన నిపుణుడు ఆలస్యమయ్యాడు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

ఈ సంచికలో ఆ గదిలో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లు, నర్సులు, వార్డుబాయ్‌లే మాట్లాడతారు. ముందుగా నర్సుల పేజీలు చదవండి. బయట బెంచీ మీద చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్న తల్లికి లోపలి కబురు ఎలా చెప్పాలో వాళ్లు రాశారు.