ఒకటే వెల, వేరువేరు జేబులు

రాయవేలూరు పెద్దాసుపత్రికి వెళ్ళివచ్చినవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే జబ్బుకు, ఒకే వైద్యుని చేతిమీదుగా చికిత్స జరిగినా అక్కడ అందరూ ఒకే మొత్తం కట్టరు. ఉన్నవాడు ప్రత్యేక గదికి చెల్లించే రుసుములో కొంత, సాధారణ వార్డులోని లేనివాడి బిల్లును తేలిక చేస్తుంది. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ సంస్థ చుట్టూ పెరిగిన మన సరిహద్దు కుటుంబాలకు ఈ న్యాయం కొత్తది కాదు. పరిశోధన వ్యాసాల ప్రచురణకు మాత్రం ఈ న్యాయం వర్తించడం లేదు. మన ఇళ్ళలో పరిశోధక విద్యార్థులు పెరుగుతున్నారు కనుక ఈ సంగతి ఇక్కడ రాయవలసివచ్చింది.

పూర్వం పరిశోధన పత్రికను చదవాలంటే గ్రంథాలయం చందా కట్టాలి. కట్టలేని కళాశాలకు ఆ జ్ఞానం అందేది కాదు. శాస్త్ర ఫలితాలను ఎవరైనా ఉచితంగా చదువుకోగలగాలని 2002లో బుడాపెస్ట్ ప్రకటన కోరింది. కోరిక మంచిదే. అయితే చదివేవాడు కట్టని సొమ్మును రాసేవాడు కట్టాలనే పద్ధతి దాని వెంటే బలపడింది. 2003లో మొదలైన ప్లాస్ బయాలజీ వ్యాసానికి 1,500 డాలర్లు అడిగింది. 2021 నుంచి నేచర్ పత్రిక, తన వ్యాసాన్ని అందరికీ తెరిచి ఉంచాలనుకొనే రచయితకు 11,390 డాలర్ల వెల పెట్టింది. ఆనాటి మారకపు రేటున అది సుమారు 8 లక్షల 30 వేల రూపాయలు. అప్పుడు మన దేశంలో జూనియర్ పరిశోధక వేతనం నెలకు 31 వేలు. అంటే తినకుండా, అద్దె కట్టకుండా కూడబెట్టినా రెండేళ్ళకు పైగా పడుతుంది. అది శిఖరం, నిజమే. కానీ ఆ శిఖరానికి చాలా దిగువన ఉన్న పత్రికలు అడిగే వెయ్యి, రెండువేల డాలర్లు కూడా మనవాళ్ళకు కొండే.

గుడియాత్తంలో ఒక మగ్గాల ఇంటి ఇల్లాలు నన్నడిగిన ప్రశ్నకు ఏ ప్రచురణ సంస్థా జవాబు చెప్పలేదనుకుంటాను. “అచ్చేసేవాడు రాసినోడికి దుడ్డియ్యాల గానీ, రాసినోడే అచ్చేసేవాడికి దుడ్డియ్యడమేంది సామీ?”

పేద దేశాలకు మినహాయింపు ఉంది కదా అని ప్రచురణకర్తలు అంటారు. ఉంది. అసలు మెలిక అక్కడే ఉంది. ప్రపంచ బ్యాంకు లెక్కలో మనది దిగువ మధ్యాదాయ దేశం. ఆ తరగతి దేశాలకు సగం రాయితీ ఇచ్చే స్ప్రింగర్ నేచర్ వంటి సంస్థ, దేశం మొత్తం ఉత్పత్తి 20 వేల కోట్ల డాలర్లు దాటితే రాయితీ లేదంటుంది. తలసరి ఆదాయం తక్కువే అయినా తలలు ఎక్కువ కనుక మనం ఆ గీత దాటిపోయాం. ముప్పైమంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో అందరి కూలీ కలిపి లెక్కగట్టి, మీరు ధనవంతులు, రేషను కార్డు లేదన్నట్టుంది ఈ వరస.

దేశాన్ని ఒక ముద్దగా చూస్తే ఇంకొక పొరపాటు జరుగుతుంది. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావైరస్ టీకా పరీక్షలో ఢిల్లీ, పుణేలతోపాటు వేలూరు పసిబిడ్డలూ ఉన్నారు. మొత్తం 6,799 మంది శిశువులు. ఫలితాలు 2014లో లాన్సెట్‌లో వచ్చాయి. అటువంటి పెద్ద పనికి వెనుక నిధులిచ్చే సంస్థలుంటాయి, రుసుము కట్టేవారుంటారు. గుడియాత్తం ప్రభుత్వ తిరుమగళ్ మిల్స్ కళాశాలవంటి చోట చెరువు నీటినో మొక్కల మందులనో ఒంటరిగా పరీక్షించేవారికి ఎవరున్నారు? ఇద్దరిదీ భారతదేశమే, జేబులు మాత్రం వేరు.

అందుకే రుసుమును పరిశోధకుని ఆదాయాన్ని బట్టి, అతని సంస్థ నిధులను బట్టి నిర్ణయించాలని నేనంటాను. ఆదాయాన్ని ఎవరు తేలుస్తారు, రాయితీకోసం పేదవాడి పేరు ముందుపెట్టి ధనిక ప్రయోగశాల దొడ్డిదారిన రాదా అని అడగవచ్చు. వస్తుంది. ఆసుపత్రి రాయితీలోనూ దొంగలుంటారు, అంతమాత్రాన రాయితీని ఎత్తివేయలేదు. 2024లో ఎల్సెవియర్ కొన్ని పత్రికలలో దేశ తలసరి ఆదాయాన్ని బట్టి వెలను మార్చి చూడటం మొదలుపెట్టింది. అది సగం దారి మాత్రమే.

మన ప్రభుత్వం చేసినదీ చెప్పుకోవాలి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందుతాయి. రచయితల రుసుముకని ఏడాదికి 150 కోట్ల వరకు వేరుగా ఉంచారు. ఆ లెక్కన గుడియాత్తం ప్రభుత్వ కళాశాల లోపలుంది. వేలూరులోని ప్రైవేటు సంస్థలు, అక్కడ చదివే మన పిల్లలు, బయటున్నారు. ఆ 150 కోట్లు మహానగరాల పెద్ద సంస్థలు దాటి చిన్న ఊరి కళాశాలలదాకా రావాలంటే, కళాశాలకు ఇంత అని కేటాయింపు ఉండాలి.

అసలు రుసుమే లేని పత్రికలూ ఉన్నాయని మన పిల్లలకు ఎవరూ చెప్పరు! 1934లో సి.వి. రామన్ స్థాపించిన బెంగుళూరు శాస్త్ర అకాడమీ పత్రికలు రచయితను డబ్బు అడగవు, వ్యాసాలను అకాడమీయే ఉచితంగా చదవనిస్తుంది. అన్ని శాస్త్రాలకూ ఇటువంటివి చాలినన్ని లేవు. ప్రజల సొమ్ము విదేశీ ప్రచురణకర్తలకు పోసేకంటే వీటిని పెంచడం మేలని నా నమ్మకం. మరొక లాభం కూడా ఉంది. పూర్తిగా తెరిచిన అనుమతితో వెలువడిన వ్యాసాన్ని మూలకర్త పేరు చెప్పి ఎవరైనా తెలుగులోకి తెచ్చుకోవచ్చు, హక్కులకు సొమ్ము కట్టనక్కరలేదు.

ఇంట్లో పరిశోధన చేసే బిడ్డ ఉంటే, వ్యాసం పంపకముందే రుసుమెంతో, మినహాయింపు ఉందో లేదో రాతమూలకంగా అడగమనండి. చాలా పత్రికలు అంగీకరించాక అడిగితే వినవు. వారంలో అచ్చు వేస్తామంటూ డబ్బడిగేవారి జోలికి పోవద్దనండి. చందా పథకం మొదటి గడువు 2027తో ముగుస్తుంది. కొత్త ఒప్పందం రాసుకొనేలోగా ప్రైవేటు కళాశాలలనూ చేర్చమని, రుసుము నిధిలో చిన్న ఊళ్ళ వాటా తేల్చమని మన వేలూరు, చిత్తూరు పార్లమెంటు సభ్యులిద్దరికీ ఉత్తరాలు రాయండి. తెలుగులోనే రాయండి, వేలూరు సభ్యునికి తమిళ అనువాదం జతచేయండి.