బొమ్మలు రావా? చుక్కలు పెట్టండి!

‘‘నాకు బొమ్మలు రావండీ!’’

మనసు బాగోలేనప్పుడు కాసేపు ఏదైనా గీయమని ఎవరికైనా చెప్పి చూడండి. దాదాపు అందరి నోటా వచ్చే మొదటి మాట ఇదే. ఆ మాట వెనక ఓ పాత కథ కూడా ఉంటుంది. ఏడో తరగతిలో మనం వేసిన ఏనుగుని చూసి పక్క బెంచీవాడు ‘పందా?’ అని అడిగుంటాడు. ఇంటర్‌లో జువాలజీ రికార్డు మీద లెక్చరర్ ఎర్రసిరాతో ‘మళ్లీ వెయ్యి’ అని రాసుంటారు. అంతే, ఆరోజే పెన్సిల్ పక్కన పెట్టేశాం.

పాట రాకపోయినా బాత్రూంలో పాడుకుంటాం. డాన్స్ రాకపోయినా బరాత్‌లో దుమ్ము లేపుతాం. క్రికెట్ రాకపోయినా గల్లీలో సిక్స్ కొట్టి పక్కింటి అద్దం పగలగొడతాం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘రావాలి’ అంటాం. ఎందుకో మరి!

ఈ వారం ఆ ‘రావు’ గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే గోడకి తగిలించడానికి వేసే బొమ్మ వేరు, మనసుకి ఊరట కోసం గీసే గీత వేరు. మొదటిదానికి చెయ్యి తిరగాలి. రెండోదానికి చెయ్యి ఉంటే చాలు.

ఇది నేను ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం చేసిన ఓ చిన్న పరిశోధన 2016లో వచ్చింది. 39 మంది పెద్దవాళ్ల ముందు కాగితాలు, మార్కర్లు, బంకమట్టి, కొలాజ్ సామాను పెట్టి 45 నిమిషాలు మీకు నచ్చింది చేసుకోండి అన్నారు. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి లాలాజలం తీసి కార్టిసాల్ ఎంతుందో చూశారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు మన ఒంట్లో పెరిగే హార్మోన్ అది. దాదాపు 75 శాతం మందిలో కార్టిసాల్ తగ్గింది. అసలు విశేషం ఏంటంటే, అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నవాళ్లకి ఎక్కువ, లేనివాళ్లకి తక్కువ అన్న తేడా కనబడలేదు.

అలాగని దీన్ని పట్టుకుని ఊరంతా డప్పు కొట్టక్కర్లేదు. 39 మంది అంటే మన పెళ్లిళ్లలో ఒక బంతికి కూడా చాలరు. పైగా నాలుగో వంతు మందిలో ఏమీ తగ్గలేదు. అందరికీ పనిచేసే మంత్రం కాదన్నమాట. కానీ ‘నాకు రాదు’ అన్నది మాత్రం మానేయడానికి సరైన కారణం కాదని ఒప్పుకోవాల్సిందే.

సరే, రాకపోయినా పర్లేదు అనుకుని కూర్చున్నాం. అప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఎదురుగా తెల్లకాగితం!

నా ఫ్రెండ్ ఒకమ్మాయి హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం చేస్తుంది. పోయినేడాది తనకి నిద్ర పూర్తిగా తప్పిపోయింది. పగలు పడుకుంటే గుండె దడ, రాత్రి కూర్చుంటే తల దిమ్ము. ఎక్కడో చదివి మంచి స్కెచ్‌బుక్, పన్నెండు రంగుల పెన్సిళ్లు కొనుక్కుంది. మూడు వారాలైనా మొదటి పేజీ అలాగే ఉంది. ‘‘ఆ ఖాళీ పేజీని చూస్తే ఇంటర్వ్యూలో ‘నీ గురించి చెప్పు’ అన్నట్టుంటుంది. ఏం చెప్పాలో తెలీదు, చెమటలు పడతాయి’’ అంది.

తను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దీని మీద కూడా ఓ పరిశోధన ఉంది. 2005లో అమెరికాలోనే నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ అనే ఇద్దరు 84 మంది కాలేజీ విద్యార్థులతో చేశారు. ముందు వాళ్లలో కాస్త ఆందోళన పుట్టించారు. తర్వాత మూడు జట్లుగా విడదీసి రంగులు ఇచ్చారు. ఒక జట్టుకి గుండ్రటి మండల డిజైన్, ఇంకో జట్టుకి గళ్ల డిజైన్, మూడో జట్టుకి ఉత్త తెల్లకాగితం. డిజైన్‌లో రంగులు నింపినవాళ్ల ఆందోళన బాగా తగ్గింది. తెల్లకాగితం వచ్చినవాళ్లకి అంత తగ్గలేదు.

ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. మనసు అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ‘నీ ఇష్టం, ఏదైనా గీయి’ అంటే అది స్వేచ్ఛలా ఉండదు, ఇంకో పరీక్షలా ఉంటుంది. ఆ టైంలో కావాల్సింది పట్టుకోవడానికి ఓ ఆధారం. నాలుగు గీతలు ముందే ఉంటే, ఐదోది ఎక్కడ గీయాలో చేతికే తెలుస్తుంది.

అందుకే తనకి స్కెచ్‌బుక్ మూసేసి చుక్కలు పెట్టుకోమని చెప్పాను. అవును, మన ముగ్గు చుక్కలే!

ముగ్గుని కాస్త జాగ్రత్తగా చూడండి. ముందు చుక్కలు. ఐదు వరసలకి ఐదు చుక్కలో, లేదంటే మధ్యలో ఎక్కువ మొదలుపెట్టి అటూ ఇటూ తగ్గించుకుంటూ వచ్చే సందు చుక్కలో. ఆ తర్వాతే గీత. మెలికల ముగ్గయితే గీత చుక్కని తాకకుండా దాని చుట్టూ తిరిగి, పక్క చుక్క దగ్గర మెలిక తిరిగి, ఎక్కడ మొదలైందో చివరికి అక్కడికే వచ్చి కలుస్తుంది. గీస్తున్నంతసేపూ మీ బుర్రకి ఒకటే పని... తర్వాత ఏ చుక్క? రేపటి మీటింగ్, నిన్నటి గొడవ, సెమిస్టర్ బ్యాక్‌లాగ్ లోపలికి దూరాలంటే ఆ చుక్కల మధ్య సందు దొరకదు.

ముగ్గు మనశ్శాంతి కోసమే పుట్టిందని నేననను. వాకిలి శుభ్రం, శుభం, పండగ... వాటికోసం వేశారు. చాలా ఇళ్లలో అది ఆడవాళ్ల నెత్తిన పడిన ఇంకో చాకిరీ కూడా. తెల్లారకుండానే లేచి, ధనుర్మాసం చలిలో కల్లాపి చల్లి వేసేవాళ్లని ‘మీకు ప్రశాంతంగా ఉందా’ అని అడిగితే చీపురు తిరగేస్తారు! నేను చెప్పేది దాని పద్ధతి గురించి. భయపడకుండా మొదలుపెట్టడానికి చుక్క, దారి తప్పకుండా ఉండటానికి వరస, అయిపోయిందని తెలియడానికి కలిసే గీత. ఇంతకన్నా మంచి ‘బిగినర్స్ కిట్’ ఏ ఆన్‌లైన్ షాపులో దొరుకుతుంది? పైగా ఇది ఆడవాళ్లకే అన్న రూలేం లేదు. బాబులూ, మీక్కూడా!

మా ఫ్రెండ్ ఆఫీసు నోట్‌ప్యాడ్ మీద మొదలుపెట్టింది. క్యాబ్ వచ్చేలోపు పది నిమిషాలు, మామూలు బాల్‌పెన్నుతో. నెల తర్వాత ఎలా ఉందని అడిగితే ‘‘బాగైపోయిందని చెప్పను. కానీ ఆ పది నిమిషాలూ మనసు నామీద అరవదు’’ అంది. ఈ మొత్తం విషయం మీద నేను విన్నవాటిలో ఇంతకన్నా నిజాయితీ ఉన్న మాట లేదు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంటుంది. బాధని బొమ్మలో పెట్టాలా, బాధ కాకుండా వేరే ఏదైనా వేయాలా? సినిమాల్లో అయితే హీరో రాత్రంతా కాన్వాస్ మీద ఎర్రరంగు కొట్టి పొద్దున్నకి తేలికైపోతాడు. జెన్నిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ అనే మనస్తత్వ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. విషాదమైన సినిమా చూపించి, కొందరిని ఆ బాధనే గీయమన్నారు, ఇంకొందరిని దానితో సంబంధం లేనిదేదో గీయమన్నారు. అప్పటికప్పుడు మూడ్ ఎక్కువ తేలికపడింది రెండోవాళ్లకే. కాబట్టి కడుపులో ఉన్నదంతా కాగితం మీద కక్కాల్సిందే అని మిమ్మల్ని మీరు ఇబ్బంది పెట్టుకోకండి. కిటికీలో కనబడే నీళ్ల ట్యాంకు గీయండి. టీ గ్లాసు గీయండి. అమ్మ చీర అంచు మీద డిజైన్ గీయండి.

అయితే గీతకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. మా ఫ్రెండ్ చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లింది. ఎదురుగా కూర్చున్నాక నోట మాట రాలేదట. బ్యాగులోంచి ఆ నోట్‌ప్యాడ్ తీసి ముందు పెట్టింది. డాక్టర్ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగి, ‘‘ఈరోజు గీత ఇంత నొక్కి గీశారేంటి, ఏమైంది ఆ రోజు?’’ అని అడిగారట. అప్పుడు మాట బయటికొచ్చింది. గమనించండి, డాక్టర్ ఆ గీత చూసి జబ్బు పేరు చెప్పలేదు. అడిగారు, అంతే. నల్లరంగు వాడితే డిప్రెషన్, ఎరుపు వాడితే కోపం అని రీల్స్‌లో చెప్పే జోస్యాలు నమ్మకండి. ఒక్కోసారి నల్లరంగు వాడామంటే డబ్బాలో అదొక్కటే మిగిలిందని అర్థం!

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. గీయడం ఆసరా, చికిత్స కాదు. ‘ఆర్ట్ థెరపీ’ అనేది శిక్షణ పొందినవాళ్లు చేసే వేరే పని. ఆ మాటని 1942లో వాడుకలోకి తెచ్చిన ఏడ్రియన్ హిల్ బ్రిటన్ చిత్రకారుడు. టీబీతో శానిటోరియంలో మంచం పట్టినప్పుడు చుట్టూ ఉన్న వస్తువుల్ని గీసుకుంటూ రోజులు నెట్టుకొచ్చారు. తర్వాత తోటి రోగులకీ అలవాటు చేశారు. టీబీకి వైద్యం మానేసి బొమ్మలు వేసుకోమని ఆయన అనలేదు.

చుక్కల మాట వచ్చింది కాబట్టి యయోయి కుసామా గురించి చెప్పాలి. 1929లో పుట్టిన జపాన్ చిత్రకారిణి. చిన్నప్పటినుంచీ ఆమెకి లేనివి కనబడేవి... పువ్వులు, చుక్కలు గదంతా పరుచుకుని తనని కమ్మేస్తున్నట్టు. ఆ చుక్కల్నే గీయడం మొదలుపెట్టారు. గుమ్మడికాయల మీద, గోడల మీద, గదుల నిండా చుక్కలు. ప్రపంచమంతా క్యూ కట్టి చూసింది. ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. 1977 నుంచి ఆమె తన ఇష్టంతోనే టోక్యోలోని ఓ మానసిక వైద్యశాలలో ఉంటూ, దగ్గర్లోని స్టూడియోకి వెళ్లి బొమ్మలు వేస్తూ వచ్చారు. ఆసుపత్రీ ఉంది, కుంచే ఉంది. ఒకదాని కోసం ఒకటి వదులుకోలేదు.

వాన్ గో సంగతీ అంతే. 1889 మే నుంచి ఏడాదిపాటు ఫ్రాన్స్‌లో సెయింట్ రెమీ ఆశ్రమంలో రోగిగా ఉంటూ దాదాపు 150 పెయింటింగులు వేశారు. అందరికీ తెలిసిన ‘స్టారీ నైట్’ అక్కడిదే. అంత గొప్ప బొమ్మలు కూడా ఆయన్ని ఎక్కువకాలం నిలబెట్టలేకపోయాయి. ఆ రోజుల్లో ఆయన జబ్బుకి సరైన మందు లేదు. మనకి ఇప్పుడు ఉంది. ‘బాధపడితేనే ఆర్టిస్ట్’ అనే డైలాగు టీషర్టు మీద బాగుంటుంది, జీవితంలో కాదు.

కాబట్టి రెండు వారాలకు మించి నిద్ర, తిండి, చదువు, పని గాడి తప్పినా, బతకాలనిపించకపోయినా పెన్సిల్‌తో సరిపెట్టకండి. ముందు ఫోన్ తీసి 14416కి చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ అది. ఖర్చులేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక ఈ రాత్రి మొదలుపెట్టేవాళ్లకి నా లెక్క ఇదీ. ఖర్చు సున్నా. కరెంట్ బిల్లు వెనక వైపు చాలు. పది నిమిషాలు టైమర్ పెట్టి ఫోన్ బోర్లించండి. ఐదు వరసలు, ఐదేసి చుక్కలు. ఏదో ఒక చుక్క చుట్టూ గీత తిప్పడం మొదలుపెట్టి, పెన్ను ఎత్తకుండా ఎంతదూరం పోతుందో పోనివ్వండి. చుక్క తప్పిందా? తప్పనివ్వండి, రబ్బరు వాడొద్దు. టైమర్ మోగితే ఆపేయండి, సగంలో ఉన్నా సరే. చేతితో గీసే వీల్లేని బస్సులోనో, రైల్లోనో అయితే ఫోన్లో నోట్స్ యాప్ తెరిచి వేలితో గీసినా పర్లేదు.

ఒక్కటే షరతు. దాన్ని స్టేటస్ పెట్టొద్దు. పెట్టిన మరుక్షణం నుంచి మీ చూపు గీత మీద ఉండదు, ఎవరు చూశారన్న దానిమీద ఉంటుంది. ఊరట కోసం మొదలుపెట్టింది మళ్లీ మార్కుల దగ్గరికే చేరుతుంది. అంత కష్టపడి వేసిన ముగ్గుని మధ్యాహ్నానికి స్కూటర్లు తొక్కేస్తాయి, సాయంత్రానికి గాలి తీసుకుపోతుంది. వేసినవాళ్లు దానికోసం ఏడవరు, మర్నాడు మళ్లీ వేస్తారు. మీ కాగితం కూడా అంతే. ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి, లేదంటే చించేయండి.

చేశాక ఎలా అనిపించిందో నాకు రాయండి. బొమ్మ ఎలా వచ్చిందో మాత్రం చెప్పొద్దు. నేనూ అడగను.