రామదాసు కీర్తనలు: ఏది ముందు?

బాలికలకు రామదాసు కీర్తనలు నేర్పగోరువారు మొదట దేనిని చేపట్టవలెనని మమ్ము తరచుగా అడుగుచుందురు. మా మధిరవలెనే ఖమ్మము జిల్లాలోనిదగు నేలకొండపల్లి కంచెర్ల గోపన్నగారి జన్మస్థలము. ఆయన పాల్వంచ తహసీలుదారై, పన్ను సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా (1672–1687) ఏలుబడిలో గోలకొండ చెరసాలలో మ్రగ్గెను. ఆయన కీర్తనలలో వేడికోలు, అలుక, నింద అన్నియు గలవు.

‘ఇక్ష్వాకు కులతిలక’తో ఆరంభింపకుడు. అందు సీతమ్మవారి చింతాకు పతకము మొదలు చేయించిన నగలను లెక్కచెప్పి స్వామిని దెప్పును. తొలుతనే విన్న పిల్ల దానిని వట్టి తిట్టుగా దలచును.

ముందు ‘నను బ్రోవమని చెప్పవే’ నేర్పుడు. యజమానుని అడుగ వెరచి ఇల్లాలి చెవిని వేయు విన్నపమది. మన యిండ్లలో నిత్యము జరుగునదే. పిదప ‘పలుకే బంగారమాయెనా’: పలుకని స్వామిపై చిన్నబుచ్చుకొనుట. ఈ రెండును వచ్చిన పిమ్మట మొదటి దానిని పాడించినచో, అది చనువు గలవాని కోపమని బిడ్డయే గ్రహించును. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి (1930–2016) రికార్డులు చెవికి తోడగును. అయితే పల్లవితో విడువకుడని మా మనవి: తిట్టినందులకు కోరిన మన్నింపు కడపటి చరణములలోనే యున్నది.